సముద్రం లేని జిల్లాలో నాచు: గుంట తొట్టి, ఎండ పెట్టె, రెండు సోలార్ ప్యానెళ్లు

సముద్రపు నాచును కెరటాల కరెంటుతో ఎండబెట్టి పొడి చేసే ఆలోచనల గురించి ఈమధ్య తరచుగా వింటున్నాం. సముద్రం నుంచి శక్తి తీయడం మన దేశానికి కొత్తేమీ కాదు. కేరళలోని విళింజం దగ్గర 1991లోనే కెరటాలతో 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టారు. లక్షద్వీప్‌లోని కవరత్తిలో సముద్రపు పైనీటికీ లోతు నీటికీ ఉండే వేడి తేడాను వాడుకుని 2005 నుంచి రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లు తీస్తున్నారు. నల్లగొండకో పాలమూరుకో ఇవేవీ రావు. మన దగ్గర ఉన్నవి బోరు, ఎండ, బండరాళ్లు. అయినా ఆ సముద్రపు లెక్కల్లో ఒక సంగతి మనకూ వర్తిస్తుంది. నాచు ఏదైనా సరే, అందులో నూటికి 80 పాళ్ల పైన నీళ్లే. పెంచడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు. ఆ నీళ్లను వెళ్లగొట్టడానికే శక్తంతా ఖర్చవుతుంది.

మన దగ్గర పెరిగే నాచు స్పిరులినా. ఎండిన పొడిలో నూటికి 55 నుంచి 70 పాళ్లు మాంసకృత్తులు ఉంటాయి. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున ఉండే కానెంబు ఆడవాళ్లు దీన్ని తరతరాలుగా వడకట్టి, ఇసుకలో ఎండబెట్టి అట్టుముక్కల్లా అమ్ముతారు. మన దేశంలో పల్లెల స్థాయిలో దీన్ని పెంచడం మీద మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ, చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం చాలాకాలం పనిచేశాయి. ఒక గుంట జాగాలో, సోలార్ మీదే నడిచేలా దీన్ని ఎలా పెట్టుకోవాలో ఇక్కడ చెబుతాను. మహిళా సంఘాలకూ, ఊళ్లోనే ఏదైనా చేద్దామనుకునే కుర్రాళ్లకూ ఈ కొలత సరిపోతుంది.

మొదట్నుంచీ ఒక్క సూత్రం మరవకండి. వేడిని ఎండ నుంచి నేరుగా తీసుకోవాలి. కరెంటును తిప్పడానికీ, తోడడానికీ, గాలి ఆడించడానికీ మాత్రమే వాడాలి. ప్యానెల్ కరెంటుతో హీటర్ వెలిగించాలని ఎవరైనా కొటేషన్ ఇస్తే పక్కన పెట్టండి.

ముందు లెక్క

గుంట అంటే 121 గజాలు, సుమారు 100 చదరపు మీటర్లు. అందులో 20 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిపితే 20,000 లీటర్లు. చదరపు మీటరుకు రోజుకు 6 గ్రాముల ఎండు నాచు అనుకుందాం. కంపెనీల కరపత్రాల్లో ఇంతకంటే ఎక్కువే రాస్తారు, కానీ కొత్తవాళ్లు ఇంతకు మించి ఆశపడితే లెక్క తప్పుతుంది. ఈ లెక్కన రోజుకు 600 గ్రాముల ఎండు పొడి వస్తుంది.

బట్టలో పిండిన ముద్దలో నూటికి 20 పాళ్లు నాచు, మిగతాది నీళ్లు. కాబట్టి 600 గ్రాముల పొడి కావాలంటే 3 కిలోల ముద్ద తీయాలి, అందులోంచి దాదాపు 2.4 కిలోల నీళ్లు పోవాలి. కిలో నీళ్లను ఆవిరి చేయడానికి సుమారు 0.67 యూనిట్ల వేడి కావాలి. అంటే 1.6 యూనిట్లు. డ్రయ్యరు ఎంత బాగా కట్టినా సగం వేడి గాలిలో కలిసిపోతుంది కాబట్టి మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు వేసుకోండి.

ఈ నాలుగు యూనిట్లు ప్యానెల్ నుంచి తీయాలంటే అదనంగా ఒక కిలోవాట్ ప్యానెళ్లు, ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. అదే ఎండను చూడండి. మన జిల్లాల్లో చదరపు మీటరు మీద రోజుకు 5 నుంచి 5.5 యూనిట్ల ఎండ పడుతుంది. ప్యానెల్ అందులో ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. నల్ల రంగు పూసిన రేకుపెట్టె మూడో వంతును వేడిగా ఇస్తుంది, ఖర్చు కూడా చాలా తక్కువ. ఒక్కటే షరతు, నాచు మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా ఎండిపోవాలి. అందుకే రోజంతటి ఎండకు రెండు, రెండున్నర చదరపు మీటర్లు చాలినా మూడు చదరపు మీటర్ల పెట్టె కట్టుకోండి.

నీళ్ల దగ్గర తొందర వద్దు

నల్లగొండలో ఏ పని మొదలుపెట్టినా ఫ్లోరైడ్ మాట రాక తప్పదు. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పటికతో, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ బోరులో 2 ఉందనుకోండి. అదేమంత ఎక్కువ కాదులే అనిపిస్తుంది. కానీ తొట్టిలో నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ పోదు. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే గుంట తొట్టికి రోజుకు 800 లీటర్లు పోయాలి. 25 రోజుల్లో తొట్టికి సరిపడా కొత్త బోరునీళ్లు పోసినట్టే. నీళ్ల మట్టం మాత్రం మొదట ఉన్నంతే ఉంటుంది. 2 ఉన్నది 4 అవుతుంది, ఇంకో 25 రోజులకు 6. అమ్మేది తిండి పదార్థం కాబట్టి ఈ లెక్కతో ఆటలాడకండి.

బోరునీళ్లలో కాల్షియం కూడా ఎక్కువే. స్పిరులినా తొట్టిలో పీహెచ్ (నీళ్ల క్షారాన్ని చూపే అంకె) 10 దాకా ఉంటుంది. ఆ క్షారంలో కాల్షియం తెల్లటి సుద్దలా అడుగున చేరుతుంది, మీరు వేసిన భాస్వరాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. నాచు పాలిపోయిందని ఇంకా మందు వేస్తారు, అదీ అడుక్కే పోతుంది.

అందుకని మొదటి ఎంపిక వాన నీళ్లు. మన వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్ల అటూ ఇటూ పడుతుంది. వంద చదరపు మీటర్ల రేకుల కప్పు మీద పడేది 70,000 లీటర్లు, వృథా పోను 55,000 నిలుస్తాయి. తొట్టి నింపాక మిగిలేది ఎండాకాలపు ఆవిరిలో కొంతకాలానికే చాలుతుంది. రెండో ఎంపిక భగీరథ నల్లా నీళ్లు. కాకపోతే అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మూత లేని డ్రమ్ముల్లో ఒకరోజు ఎండలో ఉంచి పోయండి. ఊళ్లో అందరికీ తాగడానికే చాలని చోట ఆ నీళ్లు తొట్టికి మళ్లించకండి, తగాదా అవుతుంది. బోరే గతి అయితే ముందు నీళ్లను పరీక్ష చేయించి ఫ్లోరైడ్, ఆర్సెనిక్, సీసం ఎంతెంత ఉన్నాయో చూడండి.

తొట్టి

గుంట జాగాలో ఒకే పెద్ద తొట్టి కంటే రెండు చిన్నవి మేలు. ఒకటి పాడైతే రెండోదాంట్లోంచి విత్తనం తీసుకోవచ్చు. ఇటుకల గట్టు కట్టి, తిండికి పనికొచ్చే రకం మందపాటి పాలిథీన్ పట్టా పరవండి. మధ్యలో అడ్డుగోడ ఒకటి పెడితే నీళ్లు చుట్టూ తిరుగుతాయి.

కట్టే చోటు కొంచెం ఎత్తుగా ఉండాలి, వడపోసే చోటు దానికంటే కిందికి ఉండాలి. దీనికి కారణముంది. స్పిరులినా సన్నటి మెలికల పోగు. మామూలు మోటారు పంపులోంచి పంపితే ఫ్యాను రెక్కలకు తెగి ముక్కలవుతుంది, ముక్కలు బట్టలో నిలవవు. నాచు నీళ్లు పైపులోంచి వాటంతట అవే కిందికి దిగాలి. వడపోశాక మిగిలిన నీళ్లలో నాచు ఉండదు కాబట్టి వాటిని ఏ పంపుతోనైనా పైకి తోడొచ్చు. మన దగ్గర ఎత్తుపల్లాల జాగాలకు కొదవ లేదు కాబట్టి ఇది సులువే.

పైన 50 శాతం నీడ ఇచ్చే గ్రీన్ నెట్టు తప్పనిసరి. నాచుకు 35 డిగ్రీలు బాగా ఇష్టం. మే నెలలో మన వైపు గాలే 44 దాటుతుంది, జానెడు లోతు నీళ్లు ఇట్టే కాగుతాయి. చలికాలంలో నెట్టు తీసేయండి, రాత్రి చలికి ఎదుగుదల ఎలాగూ మందగిస్తుంది. దోమతెర కూడా చుట్టూ కట్టాలి.

మందు కలపడం

పుస్తకాల్లో ఉండేది జరూక్ ద్రావణం. లీటరుకు తినే సోడా 16.8 గ్రాములు, సోడియం నైట్రేట్ 2.5, ఉప్పు 1, పొటాషియం సల్ఫేట్ 1, పొటాషియం ఫాస్ఫేట్ 0.5, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, ఇంకా చిటికెడు ఇనుము, కాల్షియం, సూక్ష్మ పోషకాలు. పల్లెల్లో నడిపేవాళ్లు సోడాను సగానికి తగ్గించి ఉప్పు పెంచుతారు. అలా చూసినా 20,000 లీటర్లకు 160 కిలోల సోడా పడుతుంది. కిరాణంలో కొనకండి, మూటల లెక్కన హోల్‌సేల్‌లో తెచ్చుకోండి. ఎరువుల దుకాణంలో దొరికే సరుకు చవకే గానీ అందులో సీసం, కాడ్మియం ఎంతుందో ఎవరూ రాయరు. తిండి గ్రేడు దొరికినవి అదే కొనండి, దొరకనివి శుద్ధమైన టెక్నికల్ గ్రేడు కొనండి.

ఇది మొదటిసారి వేసేది. తర్వాత తీసుకున్నంత తిరిగి పెట్టాలి. కిలో ఎండు నాచులో సుమారు 100 గ్రాముల నత్రజని పోతుంది. అది తిరిగి పెట్టాలంటే సోడియం నైట్రేట్ అయితే 600 గ్రాములు, పొటాషియం నైట్రేట్ అయితే 700 గ్రాములు కనీసం వేయాలి. యూరియా చవకని గుప్పిళ్లతో చల్లితే అమ్మోనియా పుట్టి తొట్టి మొత్తం పోతుంది.

తల్లి నాచును నమ్మకమైన సంస్థ నుంచే తెచ్చుకోండి, సూక్ష్మదర్శినిలో చూపించమనండి. చెరువు నుంచి తెచ్చిన పచ్చ నీళ్లతో మొదలుపెట్టే ఆలోచన అస్సలు వద్దు. వాటిలో విషం చేసే నీలి ఆకుపచ్చ నాచు రకాలు ఉంటాయి, కంటికి తేడా తెలియదు. తెచ్చిన తల్లి నాచును ఒకేసారి తొట్టిలో గుమ్మరించినా దండగే. పలచబడితే ఎండకు పాలిపోయి చస్తుంది. డ్రమ్ములో మొదలుపెట్టి, చిక్కబడ్డాకే రెట్టింపు చేస్తూ పోవాలి. ఫిబ్రవరిలో మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు నాచు నిలదొక్కుకుంటుంది.

కోత: పొద్దున్నే

కర్రకు తెల్లటి పళ్లెం కట్టి నీళ్లలోకి దించండి. 3 సెంటీమీటర్ల లోతులోనే కనబడకుండా పోతే నాచు కోతకు వచ్చినట్టు. 5 దాకా కనబడుతుంటే ఆగండి. పీహెచ్ పేపరు కూడా రోజూ ముంచండి. 9.5 కంటే తగ్గితే వేరే నాచులు చొరబడతాయి, 10.5 దాటితే సోడా వేసే వేళయింది.

కోత తెల్లవారుజామున మొదలుపెట్టాలి. అప్పుడు నాచులో మాంసకృత్తుల వంతు ఎక్కువ, ముద్ద చల్లగా ఉంటుంది, ముందు పొద్దంతా ఎండ ఉంటుంది. పొద్దెక్కాక వడపోస్తే ముద్ద పులుస్తుంది. 600 గ్రాముల పొడికి 1,200 లీటర్ల దాకా నీళ్లు బట్టలోంచి దిగాలి. 30 నుంచి 50 మైక్రాన్ల నైలాన్ బట్టను చట్రానికి వాలుగా బిగించండి, పైన చెత్తకూ పురుగులకూ ముతక జల్లెడ పెట్టండి. నీళ్లు దిగుతుంటే బట్ట మీద ముదురు ఆకుపచ్చ మీగడ పేరుకుంటుంది. ప్లాస్టిక్ గరిటెతో ఒక మూలకు తోయండి. గట్టిగా రుద్దితే బట్ట కిందికి నీలం రంగు దిగుతుంది, అంటే కణాలు పగులుతున్నాయన్నమాట. ఆ నీలం రంగుకే బజారులో విలువ.

మీగడను మంచినీళ్లతో ఒక్కసారి కడిగి, బట్టలో మూటగట్టి, రెండు స్టీలు పలకల మధ్య పెట్టి మెల్లగా బరువు పెంచండి. ఇక్కడ ఎంత నీరు పోతే డ్రయ్యరుకు అంత పని తగ్గుతుంది. బరువుకు కరెంటు అక్కర్లేదు కదా. వేలితో నొక్కితే గుంట పడి, వేలికి అంటకపోతే ముద్ద సిద్ధం.

తర్వాత మురుకుల గొట్టం. సన్న కారప్పూస బిళ్ల వేసి జాలీ పళ్లెం మీద ఒకే వరుసగా వత్తండి. పోగు మీద పోగు పడితే మధ్యలో తడి నిలిచి వాసన వస్తుంది. మూడు కిలోల ముద్దకు మూడు చదరపు మీటర్ల పళ్లేలు కావాలి. పోగు తెగిపోతూ వస్తుంటే ముద్ద మరీ గట్టి అయిందని, పళ్లెం మీద పరుచుకుపోతుంటే ఇంకా పిండాలని అర్థం.

ఎండ పెట్టె

వడియాల్లా దాబా మీద ఎండబెడితే ఎండుతుంది. రంగు పోతుంది, దుమ్ము పడుతుంది, ఈగలు వాలతాయి. నాచుకు ఎండ తగలకూడదు, ఎండతో వేడెక్కిన గాలి తగలాలి. కాబట్టి రెండు భాగాలు కట్టాలి.

మొదటిది వేడి పెట్టె. ముడతల రేకుకు నిగనిగ లేని నల్ల రంగు పూయండి, పైన టఫెన్డ్ గాజు బిగించండి, అడుగునా పక్కలా గాజుదూది పెట్టండి. థర్మోకోల్ వాడొద్దు. మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోతే లోపల వేడి వంద డిగ్రీల దాపుకు పోయి అది కరిగిపోతుంది. పెట్టెను దక్షిణం వైపు 17 డిగ్రీల వాలుతో పెట్టండి, మన అక్షాంశం అదే. కింది అంచున గాలి లోపలికి వచ్చే చోట దోమతెర కొట్టండి. రెండోది పళ్లేలు పెట్టే బీరువా, వెలుతురు చొరని ప్లైవుడ్‌తోనో రేకుతోనో చేయించండి. వేడి గాలి అడుగునుంచి వచ్చి పైనున్న చిమ్నీలోంచి పోవాలి. చిమ్నీకి వాన టోపీ మరవొద్దు.

గాలి లాగడానికి 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు. వీటిని బ్యాటరీకి కలపకుండా ఒక చిన్న ప్యానెల్‌కు నేరుగా కలపండి. ఎండ ముదిరితే పెట్టె వేడెక్కుతుంది, అదే ఎండకు ఫ్యాను కూడా జోరుగా తిరిగి ఆ వేడిని తోసేస్తుంది. మబ్బు పడితే రెండూ తగ్గుతాయి. కంట్రోలర్ అక్కర్లేదు.

బీరువాలో వేడి 50కీ 60కీ మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే ఎండడం ఆలస్యమై పులుస్తుంది, 65 దాటితే నీలం రంగు, పోషకాలు పోతాయి. కింది పళ్లెం దగ్గరా పై పళ్లెం దగ్గరా చెరో థర్మామీటరు పెట్టి, మధ్యలో ఒకసారి పళ్లేలు అటూ ఇటూ మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో బయటి గాలే 42 ఉంటుంది కాబట్టి పెట్టెకు పక్కన ఒక కిటికీ పెట్టుకుని చల్లగాలి కలపాలి.

ఎండిందా లేదా అన్నది చెవితోనూ త్రాసుతోనూ తేల్చండి. పోగు విరిస్తే టక్కున విరగాలి, వంగకూడదు. ఒక పళ్లెంలో సరిగ్గా కిలో ముద్ద వేసి గుర్తు పెట్టుకోండి. అది 215 గ్రాములకు దిగితే తేమ 7 శాతానికి వచ్చినట్టు.

కరెంటు

ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు, వేడిని ఎండకే అప్పగించాం కాబట్టి. తొట్టి తిప్పే చిన్న మోటారు 100 వాట్లు, పావుగంట తిరిగి పావుగంట ఆగుతూ పగలంతా నడిస్తే 0.4 యూనిట్లు. వడపోసిన నీళ్లు తోడే అరహెచ్‌పీ పంపు అరగంటకు 0.2. గ్రైండరు, బల్బులు కలిపి ఇంకో 0.2. మొత్తం యూనిట్ లోపే. 540 వాట్ల ప్యానెల్ ఒకటి మంచి ఎండలో రెండు యూనిట్లు ఇస్తుంది, ముసురులో సగమే వచ్చినా గడుస్తుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ చాలు, దాన్ని సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకండి. అరహెచ్‌పీ మోటారు స్టార్టయ్యేటప్పుడు మూడు నాలుగు రెట్లు లాగుతుంది, ఇన్వర్టరు ట్రిప్ అవుతుంది. డీసీ పంపు కొంటే ఆ గొడవ ఉండదు.

వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది కదా, బోరు లైను నుంచి వైరు లాగుదాం అనే సలహా ఊళ్లో తప్పకుండా వస్తుంది. ఆ కనెక్షను పంటకు ఇచ్చింది, తిండి తయారు చేసి అమ్మే పనికి కాదు. ఇంటికిచ్చే సూర్యఘర్ సబ్సిడీ కూడా ఈ షెడ్డుకు వర్తించదు. చిన్న తిండి పరిశ్రమలకు కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. బ్యాంకు అప్పుతో ముడిపడినది. ప్రస్తుతం ఏమి ఇస్తున్నారో జిల్లా ఆఫీసులో అడిగాకే సామాను కొనండి.

ప్యానెల్‌ను వారానికోసారి పొద్దున్నే తుడవండి. కోతులు ఉన్న ఊరైతే చుట్టూ ఇనుప జాలీ కట్టాల్సిందే. ప్యానెల్ మీద ఎక్కి దుమికితే గాజు చెక్కుచెదరకపోయినా లోపలి సెల్లు చిట్లుతుంది. వైరు కనెక్టర్లు పీకడం వాటికి మహా సరదా.

ముసురు పట్టినప్పుడు

జులై, ఆగస్టుల్లో మూడు నాలుగు రోజులు సూర్యుడు కనబడకపోతే ఏం చేయాలని అందరూ అడుగుతారు. కోయకండి, అంతే. నాచు తొట్టిలోనే క్షేమం, మబ్బులో ఎదుగుదల కూడా తక్కువే. పొద్దున కోసి, పది గంటలకు మబ్బు కమ్మితే ముద్దను వత్తకుండానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఎండబెట్టండి. రెండు రోజులు దాటితే కోళ్లకూ చేపలకూ వేయండి, మనుషులకు అమ్మకండి. వాన నేరుగా తొట్టిలో పడితే మందు పలచబడి పీహెచ్ దిగుతుంది కాబట్టి పైన పాలిథీన్ కప్పు ఉండాలి.

పొడి, ప్యాకింగు, అమ్మకం

ఎండిన పోగులను చల్లారాకే మరపట్టండి, అదీ కొంచెం కొంచెంగా. వేడి మీద పట్టినా, చాలాసేపు పట్టినా గ్రైండరులోనే రంగు మారుతుంది. వెలుతురు, గాలి చొరని వెండిరంగు పౌచుల్లో అదే రోజు సీలు వేయండి. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు, ప్యాకెట్ మీద ఆ నంబరు ఉండాలి. గుర్తింపు ఉన్న ల్యాబులో సీసం లాంటి బరువు లోహాలు, సూక్ష్మజీవులు, మైక్రోసిస్టిన్ (నీలి ఆకుపచ్చ నాచు చేసే విషం), ఫ్లోరైడ్ పరీక్షలు చేయించి కాగితం దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్ కొనుగోలుదారు మొదట అడిగేది ఆ కాగితాన్నే. షుగరు తగ్గుతుందని, క్యాన్సరు పోతుందని లేబుల్ మీద రాయడం చట్టానికి విరుద్ధం. సరుకు చేయడం కంటే అమ్మడం కష్టమని ముందే చెబుతున్నాను. కొనేవాళ్లు ఖాయం కానిదే రెండో గుంటకు పోకండి. జొన్న పిండిలోనో చిక్కీలోనో కొద్దిగా కలిపి అమ్మితే ఉత్త పొడి కంటే తొందరగా కదులుతుంది.

పాత నీళ్లు

తొట్టి నీళ్లను కొన్ని నెలలకోసారైనా కొంత మార్చాలి. అడుగున మడ్డి చేరినా, ఫ్లోరైడ్ పెరిగినా తప్పదు. ఆ నీళ్లను చేలోకి మాత్రం వదలకండి. సోడా, ఉప్పు నిండిన నీళ్లు అవి, పడ్డ చోట నేల చౌడు పడుతుంది. పక్క రైతు వరిమడిలోకి పారితే పంచాయితీ మీ గుమ్మం ముందే. ఒక మూల లోతు తక్కువ గొయ్యి తవ్వి, పట్టా పరిచి అందులోకి వదలండి. మన ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి. అడుగున మిగిలిన ఉప్పును గీకి, పశువులకు అందకుండా సంచుల్లో కట్టి షెడ్డులో దాచండి. ఎక్కడ పారేయాలో గ్రామ పంచాయతీతో మాట్లాడుకుని, ఆ చోటు ఖాయం చేసుకున్నాకే తొట్టి నింపండి.